కతరినా స్రెబోత్నిక్: సింగిల్స్‌లో 20వ ర్యాంకు, డబుల్స్‌లో 1. ఈ కెరీర్‌ని మనం ఏ లెక్కలో వేయాలి?

#1 వాలీ_వాసు (రాజమండ్రి)

యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ (ఒక మగ, ఒక ఆడ ప్లేయర్ జంటగా ఆడేది) మార్పుల మీద ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. 2025లో దాన్ని అసలు టోర్నీకి ముందుండే క్వాలిఫయింగ్ వారంలోకి జరిపి, 16 జంటలకు కుదించి, సగం చోట్లు సింగిల్స్ ర్యాంకుల ప్రకారం ఇచ్చారు. ఆ చర్చలో ఒకరు "మిక్స్‌డ్ గెలిచినవాళ్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయి?" అని అడిగారు. నాకు గుర్తుంటాయి. అందులో ఒక పేరు గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను, అందుకే ఈ థ్రెడ్.

కతరినా స్రెబోత్నిక్. స్లొవేనియా అమ్మాయి. 1981 మార్చి 12న స్లొవేన్ గ్రాదెత్స్‌లో పుట్టింది. అప్పటికి అది యుగోస్లావియా. స్లొవేనియా విడిపోయి స్వతంత్ర దేశమైనప్పుడు ఆమెకు పదేళ్లు. 1998లో వింబుల్డన్ జూనియర్ సింగిల్స్ ఫైనల్లో కిమ్ క్లైస్టర్స్‌ని ఓడించింది. అదే ఏడాది అబ్బాయిల జూనియర్ టైటిల్ గెలిచింది రోజర్ ఫెదరర్. అంటే ఆ ఏడాది వింబుల్డన్ జూనియర్ విజేతల పేర్లు ఫెదరర్, స్రెబోత్నిక్.

మరుసటి ఏడాది పోర్చుగల్‌లోని ఎస్తొరిల్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) మెయిన్ డ్రాలో మొట్టమొదటిసారి ఆడింది. ఆ టోర్నీనే గెలిచేసింది. ఆడిన తొలి టోర్నీలోనే సింగిల్స్ టైటిల్ కొట్టినవాళ్లు చాలా అరుదు. అదే ఏడాది బెల్జియంలో జస్టిన్ ఎనాన్ కూడా ఈ పని చేసింది. ఇంకో రెండు నెలలకు, 18 ఏళ్ల వయసులో, దక్షిణాఫ్రికా ఆటగాడు పీట్ నార్వల్‌తో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. ఆ టోర్నీలోనే పురుషుల డబుల్స్ పేస్, భూపతి గెలిచారు. మన పేపర్లలో ఆ వారం టెన్నిస్ వార్తలు నిండుగా వచ్చాయి గానీ ఈ అమ్మాయి పేరు ఎక్కడో చివరి లైనులో ఉండేది.

తర్వాతి లెక్క ఇది. మిక్స్‌డ్‌లో ఐదు గ్రాండ్‌స్లామ్‌లు: 1999 ఫ్రెంచ్, 2003 యూఎస్, 2006 ఫ్రెంచ్, 2010 ఫ్రెంచ్, 2011 ఆస్ట్రేలియన్. మహిళల డబుల్స్‌లో 2011 వింబుల్డన్. మొత్తం 39 డబుల్స్ టైటిళ్లు. 2011 జులై 4న డబుల్స్ ప్రపంచ నంబర్ 1. సింగిల్స్‌లో నాలుగు టైటిళ్లు, 2006లో 20వ ర్యాంకు.

ఇంకో సంగతి చూడండి. మిక్స్‌డ్‌లో మిగిలిన మూడూ ఉన్నాయి, వింబుల్డన్ లేదు. ఆ లోటు మహిళల డబుల్స్‌లో తీరింది. ఆ రకంగా నాలుగు గ్రాండ్‌స్లామ్ వేదికల్లోనూ విజేతల పట్టికలో ఆమె పేరు ఉంది. ఇలాంటి కెరీర్‌ని "డబుల్స్ ప్లేయర్ లే" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఇది మొదటి వరుసలో పెట్టాల్సిన కెరీర్. మీరేమంటారు?

#2 బేస్‌లైన్_కింగ్ (గుంటూరు)

వాసు గారూ, గౌరవం ఉంది, కానీ నేను ఒప్పుకోను. టెన్నిస్ అంటే చివరికి సింగిల్సే. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఆమె ఒక్కసారి కూడా క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లలేదు. నాలుగో రౌండ్ దగ్గర ఆగిపోయింది. జూనియర్ ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన క్లైస్టర్స్ నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచింది. ఒకే గీత దగ్గర నుంచి బయల్దేరిన ఇద్దరిలో ఎవరు ఎక్కడికి చేరారో కనిపిస్తూనే ఉందిగా.

మిక్స్‌డ్ సంగతి అంటారా, అది గ్రాండ్‌స్లామ్‌లలో తప్ప టూర్‌లో ఎక్కడా ఉండదు. ర్యాంకింగ్ పాయింట్లు లేవు. సింగిల్స్ టాప్ ప్లేయర్లలో చాలామంది దాని జోలికే రారు. పోటీ తక్కువ ఉన్నచోట ఐదు గెలవడం మంచి విషయమే. మొదటి వరుస అంటే మాత్రం పెద్ద మాట.

#3 నిర్మల_సైనిక్‌పురి (హైదరాబాద్)

మా అమ్మాయి అండర్-16 ఆడుతోంది. వారానికి రెండు రోజులు కోచ్ డబుల్స్ ఆడిస్తారు. పక్కన కూర్చుని చూసే తల్లిగా చెబుతున్నాను, టీవీలో చూసి డబుల్స్ సులువనుకునేవాళ్లు ఒకసారి కోర్టు పక్కన నిలబడి చూడాలి.

బంతిని వదిలేసి, సర్వ్ చేసే అమ్మాయి భాగస్వామిని మాత్రమే చూడండి. నెట్‌కి దగ్గర్లో మోకాళ్లు వంచి ఉంటుంది. చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్లతో సైగ చేస్తుంది: సర్వ్ ఎటు వేయాలో, తాను అడ్డంగా కదులుతుందో, ఉన్నచోటే ఉంటుందో. అవతలి రిటర్న్ రాకెట్‌కి తగిలే క్షణానికి ఈమె కాలు కదిలి ఉండాలి. అర క్షణం ముందు కదిలితే అవతలివాళ్లు చూసి ఖాళీ చేసిన లైన్ వెంట కొట్టేస్తారు. అర క్షణం ఆలస్యమైతే బంతి దాటిపోతుంది. మా అమ్మాయికి ఫోర్‌హ్యాండ్ కంటే ఈ ఒక్క అడుగు నేర్పడానికే వాళ్ల కోచ్‌కి ఎక్కువ కాలం పట్టింది, ఇంకా పూర్తిగా రాలేదు.

ఇక మిక్స్‌డ్‌లో అయితే అవతలి మగ ప్లేయర్ రిటర్న్‌ని పూర్తి బలంతో నేరుగా నెట్ దగ్గరున్న ఆడ ప్లేయర్ మీదికే కొడతాడు. అది అక్కడ అందరూ వాడే ఎత్తుగడే. 18 ఏళ్ల పిల్ల ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రొలాండ్ గారోస్‌లో దాన్ని తట్టుకుని టైటిల్ గెలిచిందంటే చిన్న విషయం ఎలా అవుతుంది? పోటీ తక్కువ అన్నారు కదా కింగ్ గారూ, ఆమె ఎవరి మీద గెలిచిందో ఒకసారి చూడండి.

#4 వాలీ_వాసు

నిర్మల గారు అడిగారు కాబట్టి ఆ పేర్లు నేను రాస్తాను. ఇందులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

డానియెల్ నెస్టర్ కెనడా ఆటగాడు, డబుల్స్ చరిత్రలో గొప్పవాళ్లలో ఒకడు. 2003 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో స్రెబోత్నిక్, బాబ్ బ్రయాన్ కలిసి అతని జంటని ఓడించారు. 2006 ఫ్రెంచ్ ఫైనల్లో మళ్లీ నెస్టరే ఎదురయ్యాడు. ఈసారి ఆమె పక్కన సెర్బియాకు చెందిన నెనాద్ జిమోంజిచ్ ఉన్నాడు. 6-3, 6-4తో మళ్లీ గెలిచింది. 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి వచ్చేసరికి అదే నెస్టర్ ఆమె భాగస్వామి. చాన్ యుంగ్-జాన్, పాల్ హాన్లీ జంట మీద ఇద్దరూ కలిసి టైటిల్ గెలిచారు. ఫైనల్లో రెండుసార్లు తనని ఓడించిన ప్లేయర్‌తో జత కట్టాడంటే ఆమె ఆట మీద అతనికి ఎంత నమ్మకమో చూడండి.

బ్రయాన్ కవలలు బాబ్, మైక్‌ల కథ ఇంకా వింత. 2002 యూఎస్ ఓపెన్ ఫైనల్లో బాబ్‌తో కలిసి ఆడి మైక్, లీసా రేమండ్ జంట చేతిలో ఓడింది. 2008 వింబుల్డన్ ఫైనల్లో మైక్‌తో కలిసి ఆడి బాబ్, సమంతా స్టోసర్ జంట చేతిలో ఓడింది. ఇద్దరు అన్నదమ్ములతోనూ ఫైనల్ ఆడింది, రెండుసార్లూ అవతల ఇంకొకడున్నాడు. మధ్యలో 2003లో బాబ్‌తో గెలిచింది.

జిమోంజిచ్‌తో రొలాండ్ గారోస్‌లో వాళ్ల రికార్డు చూస్తే: 2006 విజేతలు, 2007 ఫైనల్, 2008 ఫైనల్, 2010 విజేతలు, 2011 ఫైనల్. ఆరేళ్లలో ఐదు ఫైనల్స్, ఒకే మట్టి కోర్టు మీద. అది అదృష్టం అయితే ఒకసారి వస్తుంది, రెండుసార్లు వస్తుంది. ఇంతమంది మేటి డబుల్స్ ఆటగాళ్లు భాగస్వామి కావాలనుకున్నప్పుడల్లా ఈమెనే ఎందుకు పిలిచారు?

#5 ఎల్బీ_స్టేడియం_గ్యాలరీ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఈ థ్రెడ్‌లో మన సానియా పేరు ఇంకా రాలేదేంటా అని చూస్తున్నాను. స్రెబోత్నిక్‌ని నేను మొదట గమనించింది సానియా వల్లే.

2011 గుర్తుందా? సానియా, ఎలెనా వెస్నినా కలిసి ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ ఆడి ఓడారు. ఆ వెంటనే వింబుల్డన్‌లో సెమీస్‌కి వచ్చారు. ఈసారి టైటిల్ ఖాయమని మా వాళ్లంతా అనుకున్నాం. సెమీస్‌లో ఎదురుపడింది స్రెబోత్నిక్, చెక్ ప్లేయర్ క్వెతా పెష్కే. మనవాళ్లకి ఎక్కడా సందు దొరకలేదు. సానియా ఫోర్‌హ్యాండ్ ఎంత వేగంగా వెళ్లినా నెట్ దగ్గర ఇద్దరూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఫైనల్లో వాళ్లు లిసికి, స్టోసర్ జంటని 6-3, 6-1తో ఓడించారు. పెష్కేకి వారం తిరిగితే 36 ఏళ్లు నిండుతాయి. స్రెబోత్నిక్‌కి 30. జులై 4 సోమవారం ఇద్దరూ కలిసి నంబర్ 1 అయ్యారు. ఆ ఏడాది ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) మహిళల డబుల్స్ ప్రపంచ ఛాంపియన్లుగా ప్రకటించింది కూడా వాళ్లనే.

ఆ బాకీ 2014 అక్టోబర్లో తీరింది. సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్, సెమీఫైనల్. సానియా, కారా బ్లాక్ ఒకవైపు, మళ్లీ పెష్కే, స్రెబోత్నిక్ అవతల. మనవాళ్లు మొదటి సెట్ 4-6తో పోగొట్టుకుని, రెండోది 7-5తో లాక్కుని, మ్యాచ్ పాయింట్లు కాచుకుని, మూడో సెట్‌కి బదులు పది పాయింట్లకి ఆడే సూపర్ టైబ్రేక్ 11-9తో గెలిచారు. 9-9 దగ్గర నాకు కూర్చోవడం చేతకాలేదు, టీవీ ముందు నిలబడే చూశాను. ఆ తర్వాత ఫైనల్ 6-1, 6-0తో ఏకపక్షంగా అయిపోయింది. అందరికీ ఆ ఫైనల్ స్కోరే గుర్తుంది. నన్నడిగితే సానియా ఆ టైటిల్ గెలిచింది సెమీస్‌లోనే.

సానియా కెరీర్‌ని మనం తక్కువ చేసి చూస్తామా? సింగిల్స్‌లో 27, డబుల్స్‌లో 1. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, మూడు డబుల్స్, మూడు మిక్స్‌డ్. స్రెబోత్నిక్‌వీ ఆరే, ఒకటి డబుల్స్, ఐదు మిక్స్‌డ్. మన అమ్మాయికి పట్టిన హారతి అవతలి అమ్మాయికి కూడా పట్టాలి కదా.

#6 బేస్‌లైన్_కింగ్

సానియా పోలిక బలమైనదే, ఒప్పుకుంటాను. సానియాకి మణికట్టు గాయం అయింది, సింగిల్స్ వదలక తప్పలేదు. ఇక్కడ నా సందేహం వేరు. స్రెబోత్నిక్ మొదటినుంచీ మూడు విభాగాలూ ఆడుతూ వచ్చింది. ఒక గ్రాండ్‌స్లామ్‌లో సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడూ ఆడితే రెండో వారానికి కాళ్లలో ఏం మిగులుతుంది? డబుల్స్ కాస్త తగ్గించుకుని ఉంటే సింగిల్స్‌లో టాప్ 10కి వెళ్లేదేమో. జూనియర్‌గా క్లైస్టర్స్‌ని ఓడించిన ఆటకి 20వ ర్యాంకు తక్కువే అని నా బాధ. నేను ఆమెని తక్కువ చేయడం లేదు, ఆమె ఆటకి ఇంకా ఎక్కువ దక్కాల్సిందని అంటున్నాను.

#7 డ్రాప్‌షాట్_దీప్తి (విశాఖ)

కింగ్ గారి ప్రశ్న బాగుంది. కానీ 2008 చూడండి, జవాబు అందులోనే ఉంది.

ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌కి కొన్ని రోజుల ముందు ఎనాన్ ఉన్నట్టుండి రిటైర్ అయింది. డ్రాలో మిగిలిన మాజీ ఛాంపియన్ సెరెనా ఒక్కతే. దాంతో అందరి కళ్లూ సెరెనా మీదే. మూడో రౌండ్‌లో 27వ సీడ్ స్రెబోత్నిక్ ఆమెని 6-4, 6-4తో ఇంటికి పంపింది, అదీ వరుస సెట్లలో. ఆ రోజే వీనస్ కూడా ఫ్లావియా పెనెట్టా చేతిలో ఓడింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే రోజు నిష్క్రమించారు. తర్వాతి రౌండ్‌లో స్రెబోత్నిక్ పాటీ ష్నైడర్ చేతిలో ఓడింది. అదే టోర్నీలో మిక్స్‌డ్ ఫైనల్ ఆడింది. ఆ వెంటనే వింబుల్డన్ మిక్స్‌డ్ ఫైనల్. సెప్టెంబర్ వచ్చేసరికి యూఎస్ ఓపెన్‌లో మూడో సీడ్, 2004 ఛాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించి మళ్లీ నాలుగో రౌండ్.

డబుల్స్ ఆమె సింగిల్స్‌ని తినేసిందంటే ఈ రెండు విజయాలు ఎక్కడి నుంచి వచ్చాయి? నా దృష్టిలో డబుల్స్ వల్లే వచ్చాయి. సెరెనా కొట్టే వేగానికి ఎదురు వేగం చూపించే బలం ఆమెకి లేదు. నెట్‌కి రావడం, కోణాలు మార్చడం, బంతి తొందరగా తీసుకోవడం, ఇవన్నీ డబుల్స్ కోర్టులో అబ్బిన విద్యలే.

#8 గ్రాట్స్_శ్రీను (ఆస్ట్రియా)

నేను ఆస్ట్రియాలో గ్రాట్స్‌లో ఉంటాను. స్లొవేనియా సరిహద్దు ఇక్కడికి గంట లోపు ప్రయాణం. మరిబొర్‌కి తరచూ వెళ్తుంటాం. అందుకని రెండు మాటలు.

స్లొవేనియా జనాభా 21 లక్షలు. మన ఉమ్మడి విజయనగరం జిల్లాలో అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. అక్కడ చలికాలం ఆటలకి పట్టింపు ఎక్కువ. మరిబొర్ పక్కనే పొహోర్యే కొండలు, వాటి మీద స్కీయింగ్. స్రెబోత్నిక్ పుట్టిన ఊరు ఆ కొండలకి అవతలి వైపు. ఈ కాలం పిల్లల్ని అడిగితే సైక్లింగ్‌లో పొగాచార్, బాస్కెట్‌బాల్‌లో దోన్చిచ్ పేర్లు చెబుతారు. ఇంత చిన్న దేశంలో టెన్నిస్ ఆడే అమ్మాయికి స్వదేశంలో ప్రాక్టీస్ భాగస్వాములే తక్కువ. జట్టుగా ఆడాలంటే కూడా దేశం దాటాలి. స్రెబోత్నిక్ మొదట్లో మరిబొర్‌కే చెందిన తీనా క్రిజాన్‌తో కలిసి డబుల్స్ ఆడింది. తర్వాత జపాన్ సుగియామా, చెక్ పెష్కే, చైనా జెంగ్ జీ, సెర్బియా యాంకోవిచ్, ఫ్రాన్స్ కరొలీన్ గార్సియా, ఇలా దేశానికొకరు.

2005లో అడ్రియాటిక్ తీరాన పోర్తొరోజ్‌లో డబ్ల్యూటీఏ టోర్నీ మొదలైంది. ఆ మొదటి ఏడాదే సింగిల్స్ ఫైనల్‌కి వచ్చింది, సొంత జనం ముందు క్లారా కౌకలోవా చేతిలో ఓడింది. ఆ ఏడాదే ఆక్లండ్‌లోనూ స్టాక్‌హోమ్‌లోనూ గెలిచింది. స్టాక్‌హోమ్ ఫైనల్లో ఓడింది మాజీ ఫ్రెంచ్ ఓపెన్ ఛాంపియన్ మిస్కినా. ఇంటి దగ్గర మాత్రం ఆ టైటిల్ చేతికి రాలేదు.

జిమోంజిచ్ గురించి ఒక మాట. అతను బెల్‌గ్రేడ్‌లో పుట్టాడు. ఇద్దరూ ఒకే దేశంలో పుట్టి, అది విడిపోయాక రెండు దేశాల జెండాల కింద ఆడారు. ప్యారిస్‌లో ఆ జంట అన్నిసార్లు ఫైనల్‌కి రావడం ఇక్కడివాళ్లకి వేరే రకంగా తాకుతుంది.

#9 కోర్టు_నంబర్2 (నల్గొండ)

కొత్తగా చేరాను. స్లొవేనియా అంటే నాకు తెలిసింది తమారా జిదాన్‌షెక్ ఒక్కరే. 2021 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్. ఆమె కదా ఆ దేశం నుంచి పెద్ద ప్లేయర్?

#10 డ్రాప్‌షాట్_దీప్తి

స్వాగతం అండి. ఆ 2021 పరుగు నిజంగా అద్భుతం. 85వ ర్యాంకుతో వచ్చి మొదటి రౌండ్‌లోనే ఆరో సీడ్ ఆండ్రెస్కూని మూడో సెట్ 9-7 దాకా లాగి ఓడించింది. మూడో రౌండ్‌లో సినియకోవా మీద మొదటి సెట్ 0-6తో పోయినా తిరిగి గెలిచింది. క్వార్టర్స్‌లో బదోసాతో 7-5, 4-6, 8-6. సెమీస్‌లో పావ్ల్యుచెంకోవా చేతిలో ఆగింది. స్వతంత్ర స్లొవేనియా నుంచి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ సెమీస్ ఆడిన తొలి మహిళ ఆమే. ఆ జులైలో లొసాన్ టైటిల్ కూడా గెలిచింది. 2022లో 22వ ర్యాంకు దాకా వెళ్లింది.

అంటే సింగిల్స్ ర్యాంకుల్లో కూడా స్రెబోత్నిక్ ఆమెకంటే రెండు మెట్లు పైనే ఉంది. ఇది చాలామంది గమనించరు. జిదాన్‌షెక్‌ది రెండు వారాల మెరుపు, టీవీల్లో అంతా చూశారు. స్రెబోత్నిక్‌ది పుష్కరం పాటు నడిచిన కథ.

ఇంకా వెనక్కి వెళ్తే మరిబొర్‌కి చెందిన మీమా యౌషోవెత్స్ ఉంది. 1977లో ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ గెలిచింది, 1978లో, 1983లో ఫైనల్ ఆడింది. అప్పుడు యుగోస్లావియా జెండా. ఆ దేశపు సింగిల్స్ కథలో మొదటి పేరు ఆమెదే. దాని మీద నాకు వాదన లేదు.

#11 నిర్మల_సైనిక్‌పురి

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. పిల్లల్ని ఆడించే ఇళ్లల్లో ఇది రోజూ నడిచే చర్చ. 2011 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకి 11 లక్షల పౌండ్లు. డబుల్స్ గెలిచిన జంటకి ఇద్దరికీ కలిపి రెండున్నర లక్షలు. మిక్స్‌డ్‌లో జంటకి లక్ష కూడా లేదు. ప్రపంచ నంబర్ 1 అయిన వారం స్రెబోత్నిక్ ఇంటికి తీసుకెళ్లింది ఆ రెండున్నరలో సగం.

ఇప్పుడు చూడండి. 2025లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ విజేతలకి 10 లక్షల డాలర్లు పెట్టారు. అంతకుముందు ఏడాది రెండు లక్షలు. డబ్బు ఐదింతలు అయిన రోజే ఆ ఆటని బతికించినవాళ్లకి తలుపు మూశారు. అయినా టైటిల్ ఎవరు గెలిచారు? డబుల్స్‌ని వృత్తిగా పెట్టుకున్న సారా ఎర్రానీ, ఆండ్రియా వవాస్సోరి. సింగిల్స్ స్టార్లు ష్వియాతెక్, రూడ్ జంటని ఫైనల్లో ఓడించారు. ఆ రాత్రి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మిక్స్‌డ్‌లో పోటీ లేదనే వాదనకి కోర్టు మీదే సమాధానం దొరికింది.

#12 బేస్‌లైన్_కింగ్

ఎర్రానీ, వవాస్సోరి గెలుపు నేనూ చూశాను. సింగిల్స్ ఆడేవాళ్లు నెట్ దగ్గర ఎక్కడ నిలబడాలో తేల్చుకునే లోపే పాయింట్ అయిపోతోంది. డబుల్స్ వేరే విద్య అని ఒప్పుకుంటున్నాను. కానీ వేరే విద్యలో మొదటి స్థానం, అసలు విద్యలో మొదటి స్థానం ఒకటే అంటే ఒప్పుకోను. ఇక్కడ మన అభిప్రాయాలు వేరు, అలాగే ఉండనిద్దాం.

ఒక ప్రశ్న మాత్రం. మహిళల డబుల్స్‌లో ఒక్క గ్రాండ్‌స్లామే ఎందుకు? మిక్స్‌డ్‌లో ఐదు గెలిచిన మనిషికి అక్కడ ఒకటే ఏమిటి?

#13 వాలీ_వాసు

మంచి ప్రశ్న. అవతల ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది.

2007లో సుగియామాతో కలిసి ఫ్రెంచ్, వింబుల్డన్ రెండు ఫైనల్స్ ఆడింది. ప్యారిస్‌లో మోలిక్, సంతాంజెలో చేతిలో ఓడారు, అది గెలవాల్సిన మ్యాచ్. వింబుల్డన్‌లో కారా బ్లాక్, లీజల్ హ్యూబర్ మీద మొదటి సెట్ గెలిచి మిగతా రెండూ పోగొట్టుకున్నారు. ఆ ఇద్దరిలో బ్లాక్, పైన ఎల్బీ గారు చెప్పిన 2014 మ్యాచ్‌లో సానియా పక్కనున్న బ్లాకే. హ్యూబర్ కూడా సానియా పాత భాగస్వామే.

2010 ఫ్రెంచ్ ఫైనల్లో పెష్కేతో కలిసి దిగితే అవతల సెరెనా, వీనస్. గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్ ఆడిన 14 సార్లూ గెలిచిన జంట అది. ఫైనల్లో వాళ్ల మీద ఓడనివాళ్లు లేరు. ఆ టైటిల్‌తో విలియమ్స్ అక్కచెల్లెళ్లు వరుసగా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు పూర్తి చేశారు. అదే టోర్నీలో స్రెబోత్నిక్, జిమోంజిచ్ మిక్స్‌డ్ గెలిచారు. మొదటి సెట్ 4-6, రెండోది టైబ్రేక్, చివరికి 11-9. ష్వెదోవా, నౌలె జంటకి రెండు పాయింట్లు తేడా. సింగపూర్‌లో సానియా చేతిలో పోయింది కూడా అదే 11-9తో. సూపర్ టైబ్రేక్ ఆడి బతికే ప్లేయర్ జీవితం ఇలాగే ఉంటుంది, పది పాయింట్ల ఆటలో ఒక రోజు అటు, ఒక రోజు ఇటు.

2011లో వింబుల్డన్ ముందు వారం ఈస్ట్‌బోర్న్ గెలిచి, అదే ఊపులో వింబుల్డన్‌కి వచ్చారు. ఫైనల్లో అవతలివాళ్లకి ఇచ్చింది నాలుగు గేములు. అన్నేళ్ల ఓటముల తర్వాత వచ్చిన గెలుపు అంత తేలిగ్గా రావడం చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

#14 గ్రాట్స్_శ్రీను

స్లొవేనియా నుంచి ఇంకో పేరు కూడా రాయాలి. దలీలా యాకుపోవిచ్. 2017 నవంబర్లో ముంబై ఓపెన్ ఫైనల్ ఆడి, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని సబలెంకా చేతిలో ఓడింది. 2020లో మెల్‌బోర్న్ క్వాలిఫయింగ్‌లో కార్చిచ్చుల పొగకి ఊపిరాడక దగ్గుతూ కోర్టులో కూలబడిన ప్లేయర్ ఆమే. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు గుర్తుండకపోవచ్చు.

#15 కోర్టు_నంబర్2

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థ్యాంక్స్. స్రెబోత్నిక్ ఆట చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఇంకోటి, సానియా ఎప్పుడైనా స్లొవేనియా ప్లేయర్‌తో కలిసి ఆడిందా?

#16 డ్రాప్‌షాట్_దీప్తి

2011 వింబుల్డన్ ఫైనల్‌తో మొదలుపెట్టండి. నిర్మల గారు పైన రాసినట్టు బంతిని వదిలి నెట్ దగ్గరున్న మనిషి కాళ్లు చూడండి. తర్వాత 2008 ఫ్రెంచ్‌లో సెరెనా మ్యాచ్ ముఖ్యాంశాలు దొరికితే చూడండి. రెండూ ఒకే ప్లేయర్‌వని తెలుస్తుంది, ఒకే చేతి పని కనిపిస్తుంది.

#17 ఎల్బీ_స్టేడియం_గ్యాలరీ

రెండో ప్రశ్నకి నేను చెబుతాను. ఆడింది. 2021 మార్చిలో దోహాలో ఆండ్రియా క్లెపాచ్‌తో. కోవిడ్ వల్ల ఏడాది పాటు ఆట లేక, సానియా మళ్లీ కోర్టులోకి వచ్చిన టోర్నీ అది. ఇద్దరూ సెమీస్ దాకా వెళ్లారు. క్లెపాచ్ కూడా డబుల్స్ మీదే కెరీర్ కట్టుకున్న స్లొవేనియా ప్లేయర్. ఆమె గురించి ఎవరైనా థ్రెడ్ తెరిస్తే దోహా మ్యాచ్‌ల గురించి అక్కడ రాస్తాను.